హైదరాబాద్ కథ – 17: ఒకే నగరం, రెండు పాలనలు

1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీ కర్ఫ్యూలో మగ్గింది. మతకల్లోలాల్లో 130 మందికి పైగా చనిపోయారు. ఆ నెల 17న ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు. ఎనిమిదేళ్లు తిరగకముందే, 1998 నవంబరు 22న, అదే నగరం పడమటి అంచున, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య లేచిన పది అంతస్తుల సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కూడా వచ్చి చూసి వెళ్లారు. ఈ మార్పు గురించి మనం తరచూ వినే కథలు రెండు. దూరదృష్టి ఉన్న నాయకుడొకరు వచ్చి కర్ఫ్యూల ఊరిని కంప్యూటర్ల ఊరుగా మార్చేశారన్నది మొదటిది. ఉద్యోగాలూ డబ్బూ వచ్చేసరికి కొట్లాటలకు ఎవరికీ తీరిక లేకుండా పోయిందన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ తేదీల ముందు రెండూ నిలబడవు. పెద్ద అల్లర్లు సద్దుమణిగింది సైబర్ టవర్స్ రాకముందే. టవర్స్ వచ్చాక నేరం తగ్గిపోనూ లేదు, రూపం మార్చుకుని నగరం అంచులకు చేరింది. అసలు జరిగిందేమిటంటే, హైదరాబాద్‌లో భూమి మీదా పోలీసు మీదా పెత్తనం ఏనాడూ నగరపాలక సంస్థకు లేదు. ఆ రెండూ సచివాలయం చేతిలో ఉండేవి. సచివాలయం ఏ ప్రాంతం మీద మనసు పెడితే అక్కడ భూమికి హక్కు, వీధికి భద్రత ఏర్పడ్డాయి. పెట్టని చోట ఆ ఖాళీని వేరేవాళ్లు నింపారు. ఐటీ కారిడార్ పుట్టుకనూ, భూదందాల పెరుగుదలనూ వేర్వేరు అధ్యాయాలుగా చదవలేకపోవడానికి కారణం ఇదే.

ముందు అల్లర్ల సంగతి. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ ఠాణాలో ఒక మహిళపై జరిగిన అఘాయిత్యంతో నగరం భగ్గుమన్న తీరు గత భాగాల్లో చూశాం. అక్కడి నుంచి 1984 దాకా దాదాపు ఏటా ఏదో ఒక పండగకో ఊరేగింపుకో పాతబస్తీలో నెత్తురు పారింది. ఆ కాలంలో ముఖ్యమంత్రి కుర్చీ ఎలా ఉందో చూడండి. 1978 మార్చి నుంచి 1983 జనవరి లోపు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఇలా నలుగురు మారారు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కిన ఆ ఒక్క నెలలోనే, సెప్టెంబరులో, మళ్లీ కర్ఫ్యూ పడింది. తిరిగొచ్చిన ఎన్టీఆర్ 1985 ఎన్నికల్లో గట్టి మెజారిటీతో స్థిరపడ్డాక 1989 చివరి దాకా నగరంలో ఆ స్థాయి హింస లేదు. 1989లో కాంగ్రెస్, దాంతోపాటే వర్గపోరు తిరిగొచ్చాయి. ఏడాది తిరిగేసరికి 1990 డిసెంబరు వచ్చింది. ముఖ్యమంత్రి చెన్నారెడ్డిని దించడానికి సొంత పార్టీలోని ప్రత్యర్థులే ఈ మంట పెట్టారన్న ఆరోపణ అప్పట్లో బలంగా వినిపించింది. ఆయన కూడా ఆ మాటే అన్నారు. అద్వానీ రథయాత్ర రేపిన ఉద్రిక్తత దేశమంతటా ఉంది. అది హైదరాబాద్‌లో ఇన్ని ప్రాణాలు తీయడానికి మాత్రం కారణాన్ని స్థానికంగానే వెతకాలి.

కుర్చీకీ అల్లర్లకూ ఇలా ముడిపెట్టడానికి గట్టి అభ్యంతరమే ఉంది. కుర్చీ కదిలితే అల్లర్లు, నిలిస్తే శాంతి అనేది నియమమైతే, 1983 సెప్టెంబరులో అంత జనాదరణతో ఎన్టీఆర్ పదవిలో ఉండగానే అల్లర్లు ఎందుకు జరిగాయి? 1992 డిసెంబరులో, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత, వర్గపోరు ఆరని కాంగ్రెస్ పాలనలో ఉండి కూడా హైదరాబాద్ ముంబై, సూరత్‌లలా ఎందుకు తగలబడలేదు? ఈ ప్రశ్నలు నా వాదనను సరిదిద్దుతాయే తప్ప కొట్టిపారేయవు. కుర్చీ స్థిరత్వం ఒక సూచిక మాత్రమే, అసలు నిర్ణయించేది పోలీసుకు అందే ఆదేశం. రాజనీతి శాస్త్రవేత్త స్టీవెన్ విల్కిన్‌సన్ 2004లో ప్రచురించిన పుస్తకంలో భారతీయ నగరాల అల్లర్లను పరిశీలించి ఇదే తేల్చారు. పోలీసు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అల్లర్లు ఆగాలా, సాగాలా అన్నదాన్ని ఆ ప్రభుత్వపు ఓట్ల లెక్క నిర్ణయిస్తుంది. 1990 చేదు అనుభవం చూసిన ప్రభుత్వ యంత్రాంగం 1992లో ముందే మేల్కొంది. మరో రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నే దీనికి మరో కోణం చూపించారు. హైదరాబాద్, లక్నోలను పోల్చి, రెండు మతాలవాళ్లూ కలిసి పనిచేసే వ్యాపార, వృత్తి సంఘాలు ఉన్నచోట పుకార్లు చల్లారిపోతాయనీ, హైదరాబాద్‌లో ఆ బంధాలు బలహీనమనీ ఆయన వాదించారు. నాకు ఇద్దరి మాటా అవసరమే. పౌరుల మధ్య ఆ అల్లిక పలచగా ఉన్న నగరంలో శాంతి పూర్తిగా పైనుంచి వచ్చే ఆదేశం మీదే ఆధారపడుతుంది. అంటే పై మనసు మారిన రోజున ఆపేవాళ్లు కింద ఎవరూ ఉండరు.

అల్లర్ల వెనకే భూమి ఉంది. 1990 తర్వాత పాతబస్తీలో పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సుధీర్ కక్కర్ అక్కడి పహిల్వాన్లతో మాట్లాడి రాసిన పుస్తకం 1996లో వచ్చింది. అల్లర్ల వేళ తమ మతానికి రక్షకులుగా పేరు మోసిన ఈ పహిల్వాన్లకు మామూలు రోజుల్లో వృత్తి భూతగాదాల సెటిల్‌మెంటు. ఆ వృత్తి పుట్టుకకు మన పాలన చరిత్రలోనే కారణముంది. నిజాం కాలంలో సర్ఫేఖాస్, జాగీరు, ఇనాం, వక్ఫ్ అంటూ ఒక్కో భూమికి ఒక్కో హోదా. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలు చట్టం వచ్చింది, 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. ప్రతి చట్టం ఒక పొర కాగితాలను చేర్చిందే గానీ పాత పొరను తీసేయలేదు. దాంతో ఒకే సర్వే నంబరు మీద జాగీర్దారు వారసుడి దగ్గర ఒక జీపీఏ, కౌలుదారు మనవడి దగ్గర పహాణీ నకలు, ప్లాటు కొన్న ఉద్యోగి దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడు, అమ్మేవాడికి హక్కుందా లేదా అన్నది తేల్చడు. సివిల్ కోర్టుకు పోతే కొడుకు తరానికి తీర్పు వస్తుంది. పహిల్వాన్ దగ్గరికి పోతే వాటా తీసుకుని రోజుల్లో గోడ కట్టిస్తాడు, లేదా కూల్చేయిస్తాడు. ఈ వ్యాపారం ఎంత ముదిరిందంటే 1982లోనే రాష్ట్ర ప్రభుత్వం భూకబ్జాల నిషేధ చట్టం తెచ్చి, దానికోసం ప్రత్యేక కోర్టు పెట్టాల్సి వచ్చింది. భూకబ్జా హైదరాబాద్‌కు ఐటీతో వచ్చిన జబ్బు కాదనడానికి ఆ చట్టపు తేదీ చాలు.

ఇప్పుడు మాదాపూర్‌కు వద్దాం. సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు కేంద్రం పెట్టిన ఎస్‌టీపీఐ హైదరాబాద్‌లో 1990ల ఆరంభంలో అమీర్‌పేట మైత్రీవనం నుంచే పనిచేసింది. అంటే ఈ పరిశ్రమ నగరం నడిబొడ్డున కూడా బతకగలదు. దాన్ని పడమటి గుట్టలకు తీసుకెళ్లడం రాజకీయ నిర్ణయం. 1995లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాదాపు 150 ఎకరాల్లో ఎల్ అండ్ టీతో కలిసి హైటెక్ సిటీని తలపెట్టింది. ప్రభుత్వం తరఫున భాగస్వామి ఏపీఐఐసీ, అంటే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ. కంపెనీలకు దొరికిన రాయితీల గురించి అందరూ రాస్తారు. అన్నిటికన్నా విలువైనదాన్ని మాత్రం ఎవరూ లెక్కగట్టలేదు. ఆ భూమికి అమ్మేవాడూ హామీదారూ రెండూ ప్రభుత్వమే. పైన చెప్పిన కాగితాల పొరల్లో ఒక్కదానితోనూ కంపెనీకి పని లేదు. తగాదా వస్తే కోర్టులో నిలబడేది ప్రభుత్వం.

ఇది ఎంత పెద్ద వరమో తెలియాలంటే అక్కడే రెండు ముక్కలను పక్కపక్కన చూడాలి. మణికొండ జాగీరులో 1,654 ఎకరాల 32 గుంటలు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూములని వక్ఫ్ బోర్డు వాదన. ప్రభుత్వం తనదని చెప్పి అందులోంచే మైక్రోసాఫ్ట్, ఇన్ఫోసిస్, విప్రో, ఐఎస్‌బీ, ల్యాంకో హిల్స్, ఎమార్ వంటివాటికి కేటాయించింది. 2012లో హైకోర్టు వక్ఫ్ వైపు తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోరాడి 2022 ఫిబ్రవరిలో గెలిచింది. ఇన్నేళ్ల వ్యాజ్యంలో ఆ క్యాంపస్‌లలో పని ఆగలేదు, గేటు ముందు ఏ పహిల్వానూ గుంజ పాతలేదు. మరోవైపు, సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో, ఘట్‌కేసర్ గురుకుల్ ట్రస్టుకు చెందిన 627 ఎకరాలున్నాయి. అవి చేతులు మారి, ప్లాట్లయి, అయ్యప్ప సొసైటీ వంటి కాలనీలయ్యాయి. అదే ఐటీ ఉద్యోగుల కోసం అక్కడ హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి. రిజిస్ట్రేషన్లకూ నిర్మాణ అనుమతులకూ చిక్కు ఉందని తెలిసీ కట్టినవారున్నారు, తెలియక కొన్నవారున్నారు. కరెంటు వచ్చింది, నల్లా వచ్చింది, 2014 జూన్‌లో కూల్చివేత యంత్రాలూ వచ్చాయి. రెండు చోట్లా భూమి హక్కు వివాదంలో ఉన్నదే. ఒకచోట ప్రభుత్వం ముందుగా నిలబడి పూచీ పడింది, మరోచోట ఇరవై ఏళ్లు చూడనట్టుండి చివర్లో వచ్చింది. మొదటిచోట కంపెనీలు పెరిగాయి. రెండోచోట దళారులు, సెటిల్‌మెంటుదారులు పెరిగారు.

ఈ నిర్ణయాలు తీసుకునేటప్పుడు నగరం ఎక్కడుంది? హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలు జరిగాయి, తర్వాత 2002లో. మధ్యలో, 1991 నుంచి దాదాపు పదకొండేళ్లు ఎన్నికైన పాలకమండలి లేదు. ప్రత్యేకాధికారుల ఏలుబడి. స్థానిక సంస్థలకు అధికారాలివ్వాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది కూడా ఈ కాలంలోనే. మాదాపూర్ అప్పటికి నగరపాలక సంస్థలో లేదు, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మునిసిపాలిటీలో ఉంది. పారిశ్రామిక ప్రాంతాల్లో పన్ను వసూలు, కట్టడాల అనుమతి అధికారాలను మునిసిపాలిటీ నుంచి తీసి ఏపీఐఐసీకే అప్పగించే ఏర్పాటూ ఉంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ పేరుతో 52 చదరపు కిలోమీటర్లకు విడిగా మరో ప్రణాళికా సంస్థ పెట్టారు. విమానాశ్రయ ప్రాంతానికొకటి, హుస్సేన్‌సాగర్ చుట్టూ బుద్ధపూర్ణిమ ప్రాజెక్టుకొకటి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక, 2008లో ఈ సంస్థలన్నిటినీ హెచ్‌ఎండీఏలో కలిపారు. అందులోనూ పగ్గాలు సచివాలయానివే. మేయర్‌కు రోడ్డు గుంతలు దక్కాయి, భూమి దక్కలేదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఎన్నికైన కార్పొరేషన్ ఉండి ఉంటే హైటెక్ సిటీ వచ్చేదే కాదు, కార్పొరేటర్ల వాటాల బేరంలో ఫైలు నలిగిపోయేది, వేగం కోసమే పక్కనుంచి దారి వేయాల్సి వచ్చిందని. వేగం వచ్చిన మాట నిజం. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2.41 లక్షల కోట్ల రూపాయలు, ఉద్యోగులు తొమ్మిది లక్షలు దాటారు. తెలుగు జిల్లాల పల్లెల నుంచి వచ్చి ఇల్లు నిలబెట్టుకున్న కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అయితే పక్కదారి వేసినవాళ్లు మామూలు దారిని బాగుచేస్తామన్న పూచీ ఎప్పుడూ పడలేదు. కార్పొరేటర్లు అవినీతిపరులు కావచ్చు. అయినా వాళ్లను అయిదేళ్లకు దించే వీలుంది. ప్రత్యేక సంస్థ వైస్ చైర్మన్‌ను మాదాపూర్ ఓటరు దించలేడు. భూమి నిర్ణయాలన్నీ ఒకే గదిలో జరిగినప్పుడు ఆ గది తలుపు దగ్గర గిరాకీ పెరగడమూ సహజమే. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ తన డబ్బుతో మేటాస్ సంస్థలను కొనబోయింది. మేటాస్‌ అంటే సత్యం వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబపు నిర్మాణ, భూముల వ్యాపారం. ఆ కొనుగోలు బెడిసికొట్టాక 2009 జనవరి 7న ఆయన లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. పుస్తకాల్లో మాత్రమే ఉన్న లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని అందులో చెప్పారు. అదే మేటాస్ బృందం అంతకుముందు మెట్రో రైలు టెండరులో, ప్రభుత్వ సాయం అడగకపోగా, తిరిగి 30 వేల కోట్లకు పైగా తామే చెల్లిస్తామంది. ఈ లెక్క రైలుది కాదు, భూములదని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ హెచ్చరించారు. ఆ మెట్రో ఒప్పందం 2009లో రద్దయింది. సాఫ్ట్‌వేర్ పేరుతో ప్రపంచానికి తెలిసిన కంపెనీని చివరికి భూమి మీద పెట్టిన ఆశ ముంచిందంటే, ఈ నగరంలో సంపదకు వేరు ఎక్కడుందో అర్థమవుతుంది.

పోలీసు విషయంలోనూ ఇదే గీత. హైదరాబాద్ కమిషనర్‌కు 1348 ఫసలీ నాటి నగర పోలీసు చట్టం కింద మేజిస్ట్రేట్ అధికారాలుండేవి. రంగారెడ్డి జిల్లా ఎస్పీకి అవి లేవు. హైటెక్ సిటీ ఆ ఎస్పీ పరిధిలో పడింది. 2000ల మొదట్లో సైబరాబాద్ పేరుతో విడి కమిషనరేట్ ఏర్పాటై, 2004లో దానికి సొంత చట్టం వచ్చింది. ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి సైబరాబాద్ భద్రతా మండలి అనే సొసైటీ పెట్టుకున్నాయి. 2013 అక్టోబరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అత్యాచారం తర్వాత ఒత్తిడి పెరిగింది. 2014 అక్టోబరులో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఇవి మంచి పనులే. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్లకు వాటి విలువ తెలుసు. అయితే గీత లోపల దొరికిన శ్రద్ధ గీత మీద ఏమవుతుందో 2019 నవంబరులో శంషాబాద్ చూపించింది. కూతురు కనిపించడం లేదని అర్ధరాత్రి వచ్చిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదంటూ ఒక ఠాణా నుంచి మరో ఠాణాకు తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న ఆ యువతి అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని తేల్చింది. ఫిర్యాదు రాసుకోవాల్సిన రాత్రి రాసుకోని వ్యవస్థ, పది రోజులకు తుపాకీతో న్యాయం చేశానంది.

నగరం అంచులకు జరిగిన నేరానికి నిలువెత్తు సాక్ష్యం నయీం. మాజీ నక్సలైటు, 1993లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ హత్య కేసులో నిందితుడు. తర్వాత నక్సలైట్లకు వ్యతిరేకంగా పోలీసులే వాడుకున్నారన్న ఆరోపణ బలంగా ఉంది. భువనగిరి నుంచి షాద్‌నగర్ దాకా, ఎకరం ధర ఔటర్ రింగ్ రోడ్డుతో పాటు పెరిగిన ప్రతిచోటా అతని పేరుతో భూములు చేతులు మారాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాక గుట్టలుగా దస్తావేజులు బయటపడ్డాయి, ప్రత్యేక దర్యాప్తు బృందం వచ్చింది. అతనితో అంటకాగారని వినిపించిన పెద్దల పేర్లు మాత్రం కోర్టు మెట్ల దాకా రాలేదు. భూమి ధర పెరిగితే ఎక్కడైనా మాఫియా పుడుతుంది, ముంబైలో పుట్టలేదా, ఇందులో పాలన పాత్ర ఏముందని అడగవచ్చు. ధర ఆశను పుట్టిస్తుంది, అంతవరకే. అదే ధర ఉన్న గచ్చిబౌలి క్యాంపస్ మీద నయీం చెయ్యి పడలేదు. కాగితం బలహీనంగా ఉన్న రైతు మీదా, ప్లాటు కొన్న చిరుద్యోగి మీదా పడింది. ఆ తేడా ధర వల్ల వచ్చింది కాదు.

పాతబస్తీ వెనకబాటుకు అక్కడి నాయకులే బాధ్యులు, మజ్లిస్ దశాబ్దాలుగా గెలుస్తూ ఏం చేసిందన్నది చివరి అభ్యంతరం. ఆ పార్టీ జవాబు చెప్పుకోవాల్సింది చాలా ఉంది. 1980లలో మేయర్ పీఠం కూడా దాని చేతిలోనే ఉంది. కానీ పాతబస్తీ కోసం 1980ల ఆరంభంలో పెట్టిన కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థనూ, సైబరాబాద్ సంస్థనూ పోల్చండి. రెండింటినీ పెట్టింది రాష్ట్ర ప్రభుత్వమే. సైబరాబాద్ సంస్థకు పంచడానికి భూమి ఉంది, వినడానికి ముఖ్యమంత్రి ఉన్నారు. పాతబస్తీ సంస్థకు రెండూ లేవు. మెట్రోలోనూ అదే తేడా. రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీ చేరింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన లైను మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. మొదటి ప్రణాళికలోనే ఉన్న ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు, ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాల వివాదాల పేరుతో మిగిలిపోయాయి. ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకూ పొడిగించి 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన చేశారు. మణికొండ భూముల కోసం ఢిల్లీ దాకా వెళ్లి పోరాడిన అదే ప్రభుత్వ యంత్రాంగం, పాతబస్తీలో ఒక రోడ్డు వెంట ఉన్న దుకాణాల పరిహారం తేల్చడానికి ఇంతకాలం తీసుకుంది.